యాది అనే ఫోల్డరు

మే నెలలో ఒక పొద్దున, ఎండ ఇంకా మా వాకిట్లోకి దిగకముందే, రాజురా అవతలి సరిహద్దు పల్లె నుంచి ఒకామె మా ఇంటికి వచ్చింది. ఆ ఊరి అంగన్‌వాడీలో పిల్లలకు వండిపెట్టే మనిషి. రెండు బస్సులు మారి మహారాష్ట్రలోని మా చంద్రపూర్ చేరి, అడ్రసు అడుక్కుంటూ వచ్చింది. చెంబెడు నీళ్లు తాగింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"సార్, మా అమ్మ కాగితం మీ దగ్గర ఉందట గదా?"

ఆమె ఎవరి బిడ్డో అప్పుడు అర్థమైంది. ఇరవై ఏళ్ల పైమాట. ఆ ఊళ్లో ఒక పెద్ద రైతు ఇంట్లో దండెం మీది బట్టలు వాటంతటవే అంటుకున్నాయని పుకారు లేచింది. పక్క గుడిసెలో ఒంటరిగా ఉండే ఒక ఆడమనిషి భానామతి, అంటే చేతబడి, చేసిందన్నారు. ఈమె తల్లి ఆవిడే. నీళ్ల బోరింగు దగ్గరికి ఆవిణ్ని రానివ్వలేదు. మూఢనమ్మకాల మీద ఊరూరా తిరిగి వాదించే మా జట్టు అప్పుడు అక్కడికి వెళ్లింది. మూడు రోజులు ఉన్నాం. చివరికి ఊరివాళ్లందరి ముందు ఒక కాగితం రాయించాం. దాని అసలు ప్రతి అప్పటి సర్పంచి దగ్గర ఉండిపోయి, ఆయన పోయాక మాయమైంది. నకలు మాత్రం నేను నా కంప్యూటర్లో తెలుగులో టైపు చేసి పెట్టుకున్నాను.

"ఆ కాగితం ఇప్పుడెందుకమ్మా?"

"ఒక పిల్లగానికి వాంతులైనయ్ సార్. నా చేతి కిచిడీ తిన్నంకనే అయినయంటున్నరు. తల్లి గుణం బిడ్డకు వచ్చిందంటున్నరు. ఇరవై రెండు మంది వచ్చేటోళ్లు, ఇప్పుడు తొమ్మిది మంది వస్తున్నరు. సోమవారం ఊరోళ్లందరు కూసుంటరట, నన్ను తీసేయాలని రాసిస్తరట. ఆ పెద్ద రైతు అందరి ముందట మా అమ్మ కాళ్లు మొక్కిండని మీరు మీటింగులల్ల చెప్తరట గదా. ఆ కాగితం ఒక్కటి ఇయ్యిండ్రి సార్. సూపెడత."

ఇస్తానన్నాను. ఆ రోజు బుధవారం. ఐదు రోజులంటే బోలెడు సమయం అనుకున్నాను.

ఆ కాగితం ఉన్న పాత కంప్యూటరు ఏడాది కిందటే చచ్చిపోయింది. మా ఊళ్లో కిటికీ గట్టు మీద పొద్దున తుడిస్తే సాయంత్రానికి మళ్లీ నల్లగా పేరుకునే బొగ్గు ధూళి దాని లోపల కూడా పేరుకుంది. అది పూర్తిగా పోకముందే థర్మల్ కరెంటువాళ్ల కాలనీ ఊర్జానగర్ దగ్గర ఉండే ఒక కంప్యూటర్ టీచరు దాని డిస్కు మొత్తాన్ని ఒకే పెద్ద ఫైలుగా మార్చి నా కొత్త ల్యాప్‌టాప్‌లో పెట్టి వెళ్లింది. అందులోని తెలుగు ఇప్పటి తెలుగు కాదు. ఆ కాలపు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో కొట్టింది. కొత్త కంప్యూటర్లో తెరిస్తే డాలరు గుర్తులు, కొక్కేలు, తలకిందులైన ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి. అది చదవాలంటే ఆ పాత సాఫ్ట్‌వేరే కావాలి, అది నడవాలంటే ఆ పాత కంప్యూటరే కావాలి. అందుకే దాన్ని వర్చువల్ మెషీన్‌గా నడపాలని చెప్పింది ఆ టీచరు. కొత్త కంప్యూటరు లోపల, పెట్టె లేని, తీగలు లేని ఒక పాత కంప్యూటరు. దానికి తాను ఉత్త లెక్కనని తెలియదు. నిజంగానే తనకొక డిస్కు ఉందని, జ్ఞాపకశక్తి ఉందని నమ్ముతూ నడుస్తుంది. మనం బయటి నుంచి ఎంత ఇస్తే అంతే దాని లోకం.

గురువారం నేనే మొదలుపెట్టాను. దాన్ని నడిపిస్తే నత్తలా కదిలి, పాత సాఫ్ట్‌వేర్ బొమ్మ దగ్గర ఆగిపోయింది. సెట్టింగుల్లోకి వెళ్తే మెమరీ ఎంత అని అడిగే గీత ఒకటి కనిపించింది. సగం దాకా పచ్చ రంగు, తర్వాత ఎరుపు. ల్యాప్‌టాప్‌కి ఉన్నది ఎనిమిది జీబీ. జన్మంతా ఎర్రగీతలు దాటమని జనానికి చెప్పినవాణ్ని, ఈ గీతకు ఆగుతానా? ఏడు ఇచ్చేశాను.

ల్యాప్‌టాప్ బిగుసుకుపోయింది. మౌసు బాణం కూడా కదలలేదు. బటన్ నొక్కిపట్టి ఆర్పి, మళ్లీ వెలిగించి, మళ్లీ అదే చేశాను. మూడోసారి నొక్కే ముందు నాకు తెలియకుండానే ఊపిరి బిగబట్టాను. నేను ఊపిరి బిగబడితే యంత్రానికేమిటి? దండెం మీది బట్టలు అంటుకోకుండా గుమ్మానికి నిమ్మకాయ కట్టినవాణ్ని ఇదే ప్రశ్న అడిగాను నేను, నలుగురిలో నిలబెట్టి, నవ్వుతూ. కారణం తెలియనప్పుడు చేసిన పనినే మళ్లీ చేస్తూ, పక్కన ఏదో ఒకటి కలుపుతూ పోతాడు మనిషి. నేనూ అదే చేస్తున్నాను. అది గమనించి టీచరుకు ఫోన్ చేశాను.

ఆమె శుక్రవారం కాలేజీ అయ్యాక వచ్చింది. నలభై దాటిన మనిషి. తండ్రి మిల్లులో పనిచేశాడు, చర్చికి వెళ్లే కుటుంబం. ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ ఆమెకు తెలుగు చదవడం రాదు. చర్చిలో పాడే తెలుగు పాటల్ని కూడా మరాఠీ అక్షరాల్లో రాసుకుని పాడుతుంది.

స్క్రీన్ చూసి నడుము మీద చెయ్యి వేసుకుంది. "ఏంది కాకా, ఏడు జీబీ ఇచ్చిండ్రా?"

"తక్కువైందా బిడ్డా?"

"లోపల ఉన్నది ముసల్ది. ఏడు ఇస్తే ఏం జేసుకోవాల్నో దానికి తెల్వది. బయట ఉన్నదేమో ఆకలికి సచ్చిపాయె. బయటిది బతికి ఉంటెనే గద లోపలిది నడిచేది? ఎర్రగీత గందుకే గీసిండ్రు."

"పాతదానికి పెద్దపీట వేద్దామనుకున్నా."

"మీ సభ కాదు కాకా ఇది, పీటలెయ్యనీకి."

గీతను వెనక్కి లాగి ఒక్క జీబీ దగ్గర ఆపింది. మొదలుపెట్టే బటన్ నొక్కే ముందు కళ్లు మూసుకుని పెదాలు కదిపింది. నేను ఊరుకోలేదు.

"ప్రార్థన చేస్తే మెమరీ పెరుగుతదా?"

"పెరగది. నా చెయ్యి వణకకుంట ఉంటది. మీరు నిన్నటిసంది తిడుతున్నరు గదా, తిట్టుకేమన్న పెరిగిందా?"

పాత తెర వెలిగింది. నీలం రంగు, పచ్చని కొండ, ఎన్నో ఏళ్లు నేను రోజూ చూసిన బొమ్మ. పాత సాఫ్ట్‌వేర్ కూడా తెరుచుకుంది. ఏదో ఒక ఫైలు తెరవబోతే మాత్రం, డిస్కులో చోటు లేదని ఆగింది. ఫైలు తెరవాలంటే ఆ సాఫ్ట్‌వేర్ ముందు తన చిత్తుప్రతి ఒకటి రాసుకోవాలట, దానికి జాగా లేదు. మెమరీ వేరు, స్టోరేజి వేరు అని ఆమె నాకు అప్పుడు విడమరిచింది. మెమరీ అంటే ఆ క్షణాన చేతిలో పట్టుకున్నది. కరెంటు పోతే అదీ పోతుంది. స్టోరేజి అంటే రాసి దాచినది, మనం మరిచిపోయినా ఉంటుంది. మొదటిది ఎంత పెంచినా రెండోది పెరగదు.

శనివారం మళ్లీ వచ్చి డిస్కును రెట్టింపు చేసింది. ఒక్క అంకె మార్చితే సరిపోయింది. సంబరపడి లోపలికి వెళ్లి చూస్తే డిస్కు అంతే ఉంది, చోటు లేదనే అంటోంది.

"ఇల్లు పెద్దగైంది కాకా, నడిమిట్ల గోడ జరగలే," అంది. "కొత్త జాగా ఉన్నదని లోపలిదానికి తెల్వదు. ఆ గోడను జరపాలె. జరిపేటప్పుడు కరెంటు పోతే అంత గల్లంతే. గందుకు ముందుగాల ఒక నకలు తీద్దాం."

నేను వద్దన్నాను. గంటలు పడుతుంది, సోమవారం దగ్గరకొచ్చింది, ల్యాప్‌టాప్‌లో మిగిలిన చోటు ఆ రెట్టింపుకే అయిపోయింది. ఆమె వినలేదు. తన బ్యాగులోంచి చిన్న హార్డ్‌డిస్క్ తీసి తగిలించి, నకలు మొదలుపెట్టింది. కరెంటు పుట్టే ఊరే మాది, అయినా ఆ మధ్యాహ్నం రెండుసార్లు పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉండబట్టి గట్టెక్కాం. అన్నం తిన్నాం, మామిడికాయ పప్పు. నకలు అయ్యాక, గోడ జరిపే సాధనానికి లోపల కాస్త జాగా కావాలి, అక్కర్లేనివి తీసేయనా అని అడిగింది. తీసేయమని చెప్పి టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లాను.

తిరిగి వచ్చేసరికి గోడ జరిగింది. సగం డిస్కు ఖాళీగా తెల్లగా మెరుస్తోంది. ఇద్దరం పిల్లల్లా నవ్వాం.

"ఇగ చెప్పుండ్రి, మీ కాగితం ఏ ఫోల్డర్ల ఉంది?"

"యాది."

ఆమె టీ గ్లాసు కింద పెట్టింది. "యాది? వై, ఏ, ఏ, డీ, ఐ?"

"అదే."

"అయ్యో కాకా! అది యాదీ అనుకున్న. లిస్టు! పాత మీటింగులకు ఎవరెవరు వచ్చిండ్రో ఆ లిస్టులనుకున్న. తీసేసిన."

బయటి ఊరివాళ్లకు ఈ తప్పు ఎలా జరిగిందో చెప్పాలి. మా వైపు తెలుగులో యాది అంటే జ్ఞాపకం. మరాఠీలో యాదీ అంటే జాబితా. రేషన్ యాదీ, ఓటర్ల యాదీ, పరీక్ష తప్పిన పిల్లల యాదీ. బళ్లో, ఆఫీసులో, బజారులో రోజంతా వినే మాట రెండోది. ఇంట్లో ఎవరో "యాది మరిచినవా?" అంటే మొదటిది. ఒకే నోట్లో రెండు మాటలూ ఉంటాయి, ఒకదానికొకటి అడ్డుపడవు. ఇంగ్లీషు అక్షరాల్లో ఒక ఫోల్డరు మీద రాస్తే తప్ప.

నాకు కోపం నషాళానికి అంటింది. "తెలుగు ఇంట్ల పుట్టి తెలుగు మాట తెల్వదా నీకు?" అని అరిచాను.

ఆమె కూడా తగ్గలేదు. "తెలుగు బడి ఎక్కడుండె కాకా మాకు? మరాఠీ బడిల చదువుకున్న. అదే బడిల సైన్స్ చెప్పింది మీరే గదా! మరాఠీల చెప్పిండ్రు. ఒక్కనాడన్న బోర్డు మీద ఒక తెలుగు అక్షరం రాసిండ్రా?"

రాయలేదు. నిజమే. ఊళ్లకు వెళ్లి మూఢత్వం మీద మూడేసి గంటలు తెలుగులో ఉపన్యాసాలు ఇచ్చిన నేను, నా ఎదుట కూర్చున్న తెలుగు పిల్లలకు ఆ భాష రాయడం చూపాలన్న ఊహే ఎన్నడూ చేయలేదు. ఆమె అప్పటికే తన హార్డ్‌డిస్క్ మళ్లీ తగిలిస్తోంది. నేను వద్దన్న నకలులోంచి ఆ ఫోల్డరును వెనక్కి తెచ్చింది. తెరిచింది. ఇరవై ఏళ్ల కిందటి నా తెలుగు, ఒత్తులు కాస్త పక్కకు జరిగి, నిండుగా తెర మీదికి వచ్చింది.

ఆమె అక్షరాలు చూస్తోంది గానీ చదవలేదు. "ఏం రాసి ఉంది కాకా? చదువుండ్రి."

పైకి చదవడం మొదలుపెట్టాను. ఏ తేదీన ఎవరెవరం వెళ్లామో, ఏ బట్టలు ఎక్కడ కాలాయో, మంత్రమేదీ లేదని ఎలా తేల్చామో. తర్వాత ఆ పెద్ద రైతు మాటలు, ఆయన చెప్పింది చెప్పినట్టు: "ఈ మనిషి మీద నా అనుమానం పోయిందని చెప్పను. బోరింగు కాడికి వస్తే అడ్డుకోను." తర్వాత వండిపెట్టే ఆమె తల్లి మాటలు: "నన్ను ఎవ్వలు మాఫీ అడగొద్దు. నీళ్లు తోడుకోనియ్యిండ్రి." కింద ఏడుగురి పేర్లు, సంతకం పెట్టినవాళ్లవీ వేలిముద్ర వేసినవాళ్లవీ. మొదటి పేరు ఆ రైతుదే.

అంతే. ఫైలు అయిపోయింది.

పేజీ కిందికి జరిపాను. ఇంకేమీ లేదు. ఫోల్డరులోని మిగతావన్నీ తెరిచాను. ఎక్కడా ఎవరూ ఎవరి కాళ్లూ మొక్కలేదు.

"మరి కాళ్లు మొక్కిండని మీటింగులల్ల చెప్తిరి గదా?" అని టీచరు మెల్లగా అడిగింది.

నా కళ్ల ముందు ఆ దృశ్యం ఇప్పటికీ ఉంది. తెల్ల ధోవతి, వంగిన వీపు, ఆ తల్లి వెనక్కి జరగడం. చూసినట్టే ఉంది. ఎప్పుడు చూశాను? కుర్చీలో వెనక్కి వాలి వెతుక్కున్నాను. మొదట్లో సభల్లో "ఆయన తల దించుకున్నాడు" అనేవాణ్ని, అది నిజమే అయుండొచ్చు. కొన్నాళ్లకు చేతులు జోడించాడు. ఆ తర్వాత ఎక్కడో, బహుశా చప్పట్లు బాగా పడిన చోట, కాళ్లు మొక్కాడు. అక్కణ్నుంచి అదే నా యాదిగా స్థిరపడింది. ఒక చొక్కా కాలితే పదిళ్లు దాటేసరికి ఏడు చొక్కాలు ఎలా అవుతాయో ఆ ఊరివాళ్లకు పొరలు పొరలుగా విప్పి చూపినవాణ్ని నేనే. నా నోట్లో ఒక నమస్కారం పెరిగి పెద్దదవుతుంటే ఒక్కసారీ విప్పి చూడలేదు.

ఇంకొక సంగతి కూడా చెప్పకపోతే ఈ రాత అబద్ధమవుతుంది. కర్సరు గీత ఆ రైతు మాటల చివర మిణుకుమిణుకుమంటోంది. పక్కనున్న మనిషికి చదవడం రాదు. వండిపెట్టే ఆమెకూ రాదు. ఆ ఊళ్లో తెలుగు చదివేవాళ్లు వేళ్ల మీద లెక్క. కాళ్లు మొక్కాడని ఒక్క వాక్యం చేర్చితే ఆమె కొలువు నిలబడుతుంది. మంచికే కదా? మంచికే కదా అని తాయెత్తు కట్టేవాడూ అంటాడు. కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

"ఉన్నదున్నట్టు ప్రింటు తీద్దాం," అన్నాను.

సోమవారం పొద్దున ప్రింటు పట్టుకుని నేను ఆ పల్లెకు వెళ్లేసరికి బడి వరండాలో జనం కూర్చున్నారు. ఆ పెద్ద రైతు బతికే ఉన్నాడు. కర్ర పట్టుకుని స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. నన్ను చూడగానే గుర్తుపట్టాడు.

"వచ్చిండు గురూజీ! ఇంకోపాలి నాతోని కాళ్లు మొక్కియ్యనీకి వచ్చిండు. ఎవలియి మొక్కాల్నో చెప్పు, ఈపాలి వంగనీకి నడుము లేదు నాకు."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

"నా మనుమనికి కాలేజీల చెప్పిండ్రట, మీ తాత మంత్రాల ముసల్దాని కాళ్లు మొక్కిండట గదా అని. వాడు ఇంటికొచ్చి అన్నం తినలే. ఎప్పుడు మొక్కిన నేను? ఏ రోజు? ఇక్కడ ఉన్నోళ్లు ఎవలన్న చూసిండ్రా?"

పిల్లల్ని మొదట మాన్పించింది ఎవరి ఇల్లో నాకు అప్పుడు తెలిసింది. ఇరవై ఏళ్లుగా నేను చప్పట్లు కొట్టించుకున్న ముచ్చట ఈ ఊరికి తిరిగివచ్చి, గోడవతల కిచిడీ గిన్నె పట్టుకుని నిలబడ్డ మనిషి మీద పడింది. వాంతులు ఒక సాకు.

నేను లేచాను. "ఈయన ఎవరి కాళ్లూ మొక్కలేదు. మొక్కాడని నేను చెప్పింది అబద్ధం," అన్నాను.

ముసలాయన చెవి ముందుకు పెట్టాడు. "ఇనవడలే."

వినపడింది. అయినా గట్టిగా ఇంకోసారి చెప్పాను. తర్వాత కాగితం చదివాను, అక్షరం పొల్లు పోకుండా. కుర్రవాళ్ల కోసం బడి పంతులు మరాఠీలో చెప్పాడు. "అనుమానం పోయిందని చెప్పను, అడ్డుకోను" అన్నచోట ముసలాయన కర్ర నేలకు తాటించాడు.

"గది! గది నేనన్న మాట. గట్లనే అన్న."

కింద ఉన్న పేర్లు చదివాను. నలుగురు పోయారు. మిగిలిన ముగ్గురిలో ఇద్దరు వరండాలోనే ఉన్నారు, వేలిముద్ర మాదేనన్నారు. మూడోవాడు ముసలాయన. టీచరు పొరపాటుగా అనుకున్న అర్థమే సరైనదని నాకు ఆ క్షణాన తట్టింది. ఆ ఊరికి నా యాదితో పని లేదు. కావలసింది యాదీ, ఆ ఏడు పేర్ల జాబితా.

"అప్పుడు బోరింగు కాడ అడ్డుకోనంటివి. ఇప్పుడు బిడ్డ వంట కాడ అడ్డుకుంటవా?" అని వేలిముద్ర వేసిన ఒకాయన అడిగాడు.

"అనుమానం పోయిందని ఇప్పుడు గూడ చెప్ప," అన్నాడు ముసలాయన మొండిగా.

నేను నోరు తెరవబోయాను. వాదించడానికి నా దగ్గర నలభై ఏళ్ల సరంజామా ఉంది. అప్పటిదాకా గోడ పక్కన నిలబడి ఉన్న ఆమె, నాకంటే ముందు మాట్లాడింది.

"చెప్పకు పెద్దయ్యా. అనుమానం నీ దగ్గరనే ఉంచుకో. పిల్లను పంపు."

ఆయన కర్ర ఊతంగా లేచి వెళ్లిపోయాడు. ఆ రోజు ఎవరూ ఎవరికీ ఏదీ రాసివ్వలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. "పదిహేడు మంది వచ్చిండ్రు సార్."

"ముసలాయన మనుమరాలు?"

"వచ్చింది. ఇంటికాడ తిని వచ్చిన అన్నది. పల్లెం తెచ్చుకోలే. గని తక్కినోళ్లు తిన్నంతసేపు పక్కపొంటి కూసున్నది."

ఫోన్ పెట్టేసి, ల్యాప్‌టాప్ తెరిచి, లోపలి కంప్యూటరును నడిపించాను. ఒక్క జీబీతోనే, నిదానంగా, నీలం తెర వెలిగింది. సోమవారం జరిగిందంతా, ఎక్కడా ఎవరికీ చెప్పకముందే, యాది ఫోల్డరులో కొత్త ఫైలుగా టైపు చేశాను. నేను రెండుసార్లు చెప్పిన మాట కూడా రాశాను. చివర పిల్లల లెక్క రాసేటప్పుడు వేళ్లు ఆగాయి. ఇరవై అని రాస్తే చదవడానికి బాగుంటుందనిపించింది.

పదిహేడు అని రాసి, సేవ్ చేశాను.